లేహ్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు 2,937 కిలోమీటర్లు, 4 గంటల 10 నిమిషాలు: ఈ లెక్క ఎవరి విమానానిది?

పండితుడు, హనుమకొండ (ప్రశ్న అడిగినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసి విరమించినవాణ్ణి. లెక్కలతో నాకున్న చుట్టరికం ఛందస్సులో గణాలు లెక్కపెట్టేంత వరకే, కాబట్టి నా ప్రశ్నలో తెలివితక్కువతనం ఉంటే మన్నించండి.

మా పెద్దబ్బాయి లేహ్‌లో రోడ్డు పనుల ఇంజనీరు. మా అమ్మాయి, అల్లుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. 2024 సెప్టెంబరు నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అయింది గాని, మా ఇంట్లో ఇంకా పాత పేరే నోట్లో ఆడుతోంది. వచ్చే నెలలో మనవరాలికి అన్నప్రాసన. ముహూర్తం ఉదయం 9 గంటల 50 నిమిషాలకు. తొలి ముద్ద మేనమామ చేతి మీదుగానే పడాలని మా వియ్యపురాలి పట్టుదల. అబ్బాయికి దొరికిన సెలవు మొత్తం ఐదు రోజులు.

దూరాలు చెప్పే ఒక వెబ్‌సైటులో ఈ రెండు విమానాశ్రయాల పేర్లు ఇస్తే 2,937 కిలోమీటర్లు, ప్రయాణ సమయం 4 గంటల 10 నిమిషాలు అని చూపించింది. సంతోషించి టికెట్ల కోసం వెతికితే నేరుగా వెళ్ళే విమానం ఒక్కటి కూడా కనిపించలేదు. దొరికిన వాటిలో ఒకటి 11 గంటలు, మరొకటి 27 గంటలు అంటోంది. నాకు నమ్మకం కలగక ఇంట్లో అటక మీదున్న పాత గ్లోబు దింపి, మా ఆవిడ పూలు గుచ్చుకునే దారం ఒక పోగు తీసుకొని, లేహ్ దగ్గర ఒక వేలు, అండమాన్ల దగ్గర ఒక వేలు పెట్టి బిగించి కొలిచాను. 7 సెంటీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ వచ్చింది. గ్లోబు వ్యాసం 30 సెంటీమీటర్లని దాని పీట మీదే రాసి ఉంది.

ఆ 4 గంటల 10 నిమిషాలు ఎవరు ఎగిరిన విమానానివి? దూరం 3,000 కిలోమీటర్ల లోపే అయినప్పుడు నేరుగా విమానం ఎందుకు లేదు? మా అబ్బాయి ఎటు నుంచి రావడం మేలు?

గణిత అధ్యాపకుడు, కరీంనగర్

పండితుల వారికి నమస్కారం. మీరు చేసిన పని తెలివితక్కువది కాదండీ. గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారిని కనుక్కోవడానికి బిగించిన దారాన్ని మించిన పరికరం లేదు. గోడకు వేలాడదీసే పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే ఈ దారి దొరకదు, ఎందుకంటే గుండ్రని భూమిని బల్లపరుపు కాగితం మీదికి తెచ్చేటప్పుడు పటం ఎక్కడో ఒకచోట సాగక తప్పదు. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు. మీ గ్లోబు 30 సెంటీమీటర్లు. అంటే దాని మీద ఒక సెంటీమీటరు సుమారు 425 కిలోమీటర్లకు సమానం. మీ దారం 6.9 సెంటీమీటర్లు అనుకుంటే 2,930 దాటింది. పూల దారానికి ఇంతకంటే ఏం కావాలి?

సూత్రంతో చేయాలంటే రెండు ఊళ్ళ అక్షాంశాలు, రేఖాంశాలు తీసుకొని, అక్షాంశాల తేడాలో సగానికి సైన్ కట్టి వర్గం చేయాలి. రేఖాంశాల తేడాలో సగానికి కూడా అలాగే చేసి, దానిని రెండు అక్షాంశాల కొసైన్లతో గుణించాలి. ఈ రెండింటినీ కలిపి, వర్గమూలం తీసి, ఆ సైన్ ఏ కోణానిదో చూసి రెట్టింపు చేస్తే భూమి కేంద్రం దగ్గర ఆ రెండు ఊళ్ళు చేసే కోణం వస్తుంది. ఒక్కొక్క డిగ్రీకి 111.2 కిలోమీటర్లు. నేను లేహ్‌కు 34.08, 77.33, పోర్ట్ బ్లెయిర్‌కు 11.38, 92.44 తీసుకొని చేస్తే 2,953 వచ్చింది. ఆ వెబ్‌సైటు 16 కిలోమీటర్లు తక్కువ చూపిస్తున్నట్టుంది.

ఇంజనీరింగ్ విద్యార్థి, ఎన్‌ఐటీ వరంగల్

సార్, క్షమించాలి. పొరపాటు వెబ్‌సైటుది కాదనుకుంటాను. మీరు తీసుకున్న 34.08 అసలు 34 డిగ్రీల 8 నిమిషాలు. 8 నిమిషాలంటే డిగ్రీలో 60కి 8 వంతులు, అంటే 0.13. అలాగే 11 డిగ్రీల 38 నిమిషాలు 11.63 అవుతుంది, 11.38 కాదు. రేఖాంశాలు 77.55, 92.73. ఇవి పెట్టి చేస్తే సరిగ్గా 2,937 వస్తోంది.

మరో మాట. భూమిని నిఖార్సైన గోళంగా కాక ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయినదిగా తీసుకుని లెక్క కట్టే వెబ్‌సైట్లూ ఉన్నాయి. రెండు పద్ధతుల మధ్య తేడా సాధారణంగా అర శాతం మించదు. ఇంత దూరానికి అది 15 కిలోమీటర్ల లోపే. కాబట్టి ఒక చోట 2,937 అనీ, ఇంకో చోట 2,925 అనీ కనిపిస్తే కంగారు పడనవసరం లేదు.

గణిత అధ్యాపకుడు, కరీంనగర్

ఒప్పుకుంటున్నాను. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు ఏ తప్పు చేయవద్దని చెబుతున్నానో ఆ తప్పే నా చేత జరిగింది. నిమిషాలను దశాంశాలుగా రాయడం చేతి అలవాటు.

ఇక 4 గంటల 10 నిమిషాల గుట్టు కూడా విప్పాను. 2,937ను 800తో భాగిస్తే 3.67 గంటలు, అంటే 3 గంటల 40 నిమిషాలు. దానికి అరగంట కలిపితే 4 గంటల 10 నిమిషాలు. అంతే! జెట్ విమానం సగటున గంటకు 800 కిలోమీటర్లు పోతుందనీ, ఎక్కడానికీ దిగడానికీ మరో అరగంట పడుతుందనీ అనుకొని ఆ వెబ్‌సైటు ఏ రెండు ఊళ్ళ పేర్లు ఇచ్చినా ఇదే గుణింతం చేస్తోంది. కాజీపేట నుంచి జనగామకు విమానం అడిగినా నిమిషాలతో సహా చెబుతుంది. ఆ దారిలో విమానం ఎగురుతోందా లేదా అన్నది దానికి పట్టదు.

విశ్రాంత లోకో పైలట్, కాజీపేట

మా భాషలో ఒక ముక్క చెప్పనివ్వండి. రైలు వేగం వేరు, టైం టేబుల్ వేరు. సికింద్రాబాద్ చేరే ముందు ఆఖరి ముక్కకు టైం టేబుల్‌లో అవసరానికి మించిన నిమిషాలు ఉంటాయి. ఔటర్‌లో నిలబడినా బండి సమయానికి చేరినట్టే లెక్కలోకి రావాలని ఆ ఏర్పాటు. విమానాలకూ ఇలాంటిదే ఉంటుందా? టికెట్ మీద రాసే సమయం గాలిలో ఉన్న సమయమేనా?

మాజీ ఫ్లైట్ డిస్పాచర్, మంచిర్యాల

ఈ చర్చ చూశాక ఊరుకోలేకపోయాను. విమానం బయలుదేరే ముందు దాని దారి, ఇంధనం, బరువు లెక్కగట్టే పని నేను చాలా ఏళ్ళు చేశాను. అందుకని కొంచెం పొడవుగానే రాస్తాను.

ముందు లోకో పైలట్ గారి ప్రశ్న. టికెట్ మీద ఉండే సమయాన్ని మేము బ్లాక్ టైమ్ అంటాము. విమానం చక్రాలకు పెట్టిన అడ్డాలు తీసిన క్షణం నుంచి, అవతలి ఊళ్ళో మళ్ళీ అడ్డాలు పెట్టే క్షణం వరకు అది నడుస్తుంది. రన్‌వే వరకు పాకడం, వరుసలో నిలబడడం, దిగే ముందు ఆకాశంలో గిరికీలు కొట్టడం అన్నీ అందులోనే. మీ ఔటర్ మాకు గాలిలో ఉంటుంది. దానిని హోల్డింగ్ అంటాము.

ఇప్పుడు అసలు సంగతి. ఆ 2,937 కిలోమీటర్ల గీత ఎక్కడెక్కడ నుంచి పోతుందో పండితుల వారు తమ దారం కిందనే చూడవచ్చు. లేహ్ నుంచి ఆగ్నేయంగా బయలుదేరి టిబెట్ నైరుతి మూలను తొక్కుతుంది. అక్కడి నుంచి పశ్చిమ నేపాల్ మీదుగా గోరఖ్‌పూర్ పక్కకు దిగి, రాంచీని ఒరుసుకుంటూ, ఒడిశాలో బాలాసోర్ దగ్గర సముద్రంలోకి పోతుంది. ఆ తరువాత అంతా బంగాళాఖాతమే. మన దేశంలో ఒక ఊరి నుంచి మరో ఊరికి పోయే విమానం రెండు పరాయి దేశాల ఆకాశం అడగవలసి వస్తుందన్నమాట. అది అనుమతుల సంగతి. ఆ పర్వతాల మీద ఎగరడం అనుమతులకు మించిన సంగతి. రెండు ఇంజన్లలో ఒకటి ఆగిపోతే విమానం 35,000 అడుగుల ఎత్తులో నిలవలేక మెల్లమెల్లగా కిందికి జారుతుంది. అది జారి నిలిచే ఎత్తు కంటే పైకి లేచిన కొండ దారిలో ఉండకూడదు. క్యాబిన్‌లో గాలి పీడనం పోతే ముఖాల ముందుకు జారే ఆక్సిజన్ మాస్కులు సాధారణ విమానాలలో 12 నుంచి 15 నిమిషాలే పనిచేస్తాయి. ఆ లోపల 10,000 అడుగులకు దిగాలి. హిమాలయాల నడుమ 10,000 అడుగుల దగ్గర ఆకాశం ఉండదు, రాయి ఉంటుంది. అందుకే లేహ్ నుంచి వచ్చే విమానాలు పర్వతాలను వీలైనంత పొట్టి దారిలో దాటి మైదానం మీదికి వచ్చేస్తాయి.

ఇదంతా దాటగలిగినా, ఈ రెండు విమానాశ్రయాలకు ఒకదానితో ఒకటి పొసగదు. లేహ్ విమానాశ్రయం 3,256 మీటర్ల ఎత్తులో ఉంది. వేసవిలో అక్కడ మధ్యాహ్నానికి 25 డిగ్రీల వేడి ఉందనుకోండి, గాలి సాంద్రత సముద్రమట్టంలోని ప్రామాణిక సాంద్రతలో సుమారు 65 శాతమే ఉంటుంది. రెక్కకు కావలసిన ఒత్తిడి ఆ పలచని గాలి నుంచి రావాలంటే విమానం నేల మీద దాదాపు నాలుగో వంతు ఎక్కువ వేగం అందుకోవాలి. చెన్నైలో గంటకు 260 కిలోమీటర్ల దగ్గర లేచే బరువు లేహ్‌లో 320 దాటితే గాని లేవదు. కష్టమేమిటంటే ఇంజన్లకు కూడా ఆ పలచని గాలే దిక్కు. అవి ఇచ్చే బలం తగ్గుతుంది. అవసరం పెరిగిన చోటే బలం తగ్గింది కాబట్టి మిగిలిన ఒకే ఒక్క ఉపాయం బరువు తగ్గించుకోవడం. 2024 జూలై చివర్లో వేడి ఎక్కువై లేహ్‌లో కొన్ని విమానాలు రద్దయిన వార్త మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

పోర్ట్ బ్లెయిర్ గొడవ దీనికి తలకిందులు. అక్కడి రన్‌వే సముద్రమట్టానికి దగ్గరలోనే ఉంది, పొడవు కూడా 3 కిలోమీటర్లు దాటుతుంది. చిక్కల్లా ఆ ఊరు ద్వీపం కావడం. వాన, మబ్బు కమ్మి దిగడం కుదరకపోతే ఎక్కడికి పోవాలి? ఢిల్లీకి పోయే విమానానికి జైపూరో లక్నోనో దగ్గరలో ఉంటాయి. ఇక్కడ మన దేశంలోని పెద్ద విమానాశ్రయాలంటే కోల్‌కతా 1,306 కిలోమీటర్లు, చెన్నై సుమారు 1,370 కిలోమీటర్లు. అందుకని పోర్ట్ బ్లెయిర్ వరకు వెళ్ళే ఇంధనంతో పాటు, అక్కడి నుంచి వెనక్కి వచ్చే ఇంధనం కూడా మోసుకుపోవడం వాడుక. ఆ పైన అరగంట హోల్డింగ్‌కు, ఎదురుగాలికి కొంత.

పెన్ను తీసుకొని కూర్చుంటే ఇలా వస్తుంది. మామూలు 180 సీట్ల జెట్ గంటకు సుమారు 2.4 టన్నుల ఇంధనం తాగుతుంది. నాలుగు గంటలకు 10 టన్నులు. వెనక్కి కోల్‌కతాకు 4.5 టన్నులు. మిగిలిన జాగ్రత్తలకు మరో టన్నున్నర. మొత్తం 16 టన్నులు. లేహ్ నుంచి ఢిల్లీకి 6 టన్నుల చుట్టుపక్కల సరిపోతుంది. తేడా 10 టన్నులు. మనిషికీ సామానుకూ కలిపి 100 కిలోలు వేసుకుంటే ఆ 10 టన్నులు 100 మంది ప్రయాణికుల బరువు. బరువు తగ్గించుకుంటే తప్ప లేవనీయని ఊరు ఒకటి, బరువు మోసుకొస్తే తప్ప రానీయని ఊరు ఒకటి. ఈ రెండింటికీ ఒకే విమానంతో వియ్యం కుదర్చబోతే 180 సీట్లలో చాలా భాగం ఖాళీగా పోతాయి. ఆ ఖాళీ సీట్ల డబ్బు ఎవరు కడతారు?

ఇంజనీరింగ్ విద్యార్థి, ఎన్‌ఐటీ వరంగల్

డిస్పాచర్ గారూ, చాలా బాగా చెప్పారు. అయినా ఒక సందేహం మిగిలింది. ఇంకా పెద్ద విమానం పెడితే పోదా? సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,000 కిలోమీటర్ల పైచిలుకు ఆగకుండా పోతున్నారు. దాని ముందు 2,937 ఏపాటిది? వాయుసేన భారీ రవాణా విమానాలు లేహ్‌లో దిగుతూనే ఉన్నాయి కదా.

మాజీ ఫ్లైట్ డిస్పాచర్, మంచిర్యాల

దూరం ఒక్కటే చూస్తున్నారు బాబూ. సింగపూర్‌లో ఆ విమానం సముద్రమట్టంలో, 4 కిలోమీటర్ల రన్‌వే మీద పరుగెత్తి లేస్తుంది. దానిని అదే బరువుతో లేహ్‌లో పెడితే రన్‌వే అయిపోతుంది గాని విమానం లేవదు. వాయుసేన విమానాలు దిగుతాయి, నిజమే. నాలుగు ఇంజన్ల బలంతో, పొట్టి రన్‌వేల కోసమే కట్టినవి అవి. వాటికి టికెట్ ధరతో పని లేదు. అసలు లేహ్‌లో మొదటి విమానం దిగినదే సైన్యం పని మీద. 1948 మే 24న ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్, జనరల్ తిమ్మయ్యను పక్కన కూర్చోబెట్టుకొని, ఇసుక నేల మీద డకోటా దించారు. క్యాబిన్‌లో పీడనం ఉంచే ఏర్పాటు కూడా లేని విమానం అది. చేయగలమా అన్నది ఒక ప్రశ్న, రోజూ మనుషులను ఎక్కించుకొని చేయవచ్చా అన్నది వేరే ప్రశ్న.

ఏకాంతంగా ఉన్న విమానాశ్రయాలన్నిటికీ ఏదో ఒక రూపంలో ఈ ఇంధనం బాధ ఉంది. పసిఫిక్‌లో ఈస్టర్ ద్వీపం చిలీ రాజధాని శాంటియాగో నుంచి సుమారు 3,750 కిలోమీటర్లు. అక్కడి రన్‌వేను 1980లలో అమెరికా అంతరిక్ష నౌకలు ఆపదలో దిగడానికి పనికొస్తుందని పొడిగించారు. ఆ సముద్రంలో దిగడానికి వేరే చోటు లేదు మరి. అట్లాంటిక్‌లోని సెయింట్ హెలీనాకు 2017 అక్టోబరులో విమాన సర్వీసు మొదలయ్యేంత వరకు ఓడే గతి. కొండ అంచున కట్టిన ఆ రన్‌వే దగ్గర గాలి ఉన్నట్టుండి దిశ మార్చుకోవడం వలన సర్వీసు ఏడాదికి పైగా వెనకబడింది.

విశ్రాంత లోకో పైలట్, కాజీపేట

గాలి ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఢిల్లీ నుంచి కోల్‌కతాకు పోయేటప్పుడు ఒక సమయం, తిరిగి వచ్చేటప్పుడు ఇంకొక సమయం ఉంటుంది టికెట్ మీద. పట్టాలైతే ఎత్తు పల్లాలు అనుకోవచ్చు. ఆకాశంలో ఏమిటి?

మాజీ ఫ్లైట్ డిస్పాచర్, మంచిర్యాల

శీతాకాలంలో ఉత్తర భారతం మీద, విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమటి నుంచి తూర్పుకు జెట్ ప్రవాహం పారుతుంది. గంటకు 150 కిలోమీటర్ల పైన ఉండడం అరుదేమీ కాదు. విమానం ఆ గాలితో పాటు కొట్టుకుపోతుంది కాబట్టి నేల మీద లెక్కించే వేగం అంత పెరుగుతుంది. ఎదురెక్కితే అంత తగ్గుతుంది. గోదావరిలో పుట్టి వేసుకొని వాలుకు పోవడం, ఎదురీదడం లాంటిదే. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ మీదుగా పోయే దారి మానేసి పసిఫిక్ మీదుగా పోవడం మొదలుపెట్టింది. దూరం వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగింది, సమయం మాత్రం తగ్గింది. దూరం ఎక్కువైతే సమయం ఎక్కువ అనే నియమం విమానానికి ఎప్పుడూ వర్తించదు.

వేసవిలో ఈ ప్రవాహం ఉత్తరానికి జరిగిపోతుంది. పండితుల వారి అబ్బాయి ఏ నెలలో వస్తున్నారో దానిని బట్టి ఢిల్లీ, కోల్‌కతా ముక్కలో పావుగంట అటూ ఇటూ అవుతుంది.

మాజీ సైనికుడు, నిర్మల్

నేను లేహ్‌లో రెండు విడతలు పనిచేశాను. పెద్దలకు తెలియనివి కావు గాని, వెళ్ళి వచ్చినవాడిగా రెండు మాటలు.

అక్కడి ప్రయాణికుల విమానాలు ప్రధానంగా పొద్దున్నే ఉంటాయి. మధ్యాహ్నమయ్యేసరికి లోయలో గాలి లేస్తుంది. చుట్టూ కొండలు కాబట్టి విమానం ఒక కొస నుంచి దిగి, వచ్చిన వైపుకే లేవాలి. గాలికి అనుకూలంగా కొస మార్చుకునే వీలు లేదు. పొద్దుటి విమానం పోయిందంటే ఆ రోజు పోయినట్టే. ఒకసారి మే నెలలో నేను సెలవు మీద వస్తూ ఉదయం 11 గంటల విమానం ఎక్కాను. విమానం నిండా మనుషులు ఉన్నారు, కిటికీలోంచి చూస్తే మా ట్రంకు పెట్టెలు బండి మీద అలాగే ఉన్నాయి. ఎండ పెరిగింది, బరువు ఎక్కువైంది, సామాను రేపు వస్తుందని చెప్పారు. నిర్మల్ చేరిన మూడో రోజుకు గాని నా పెట్టె రాలేదు. లోపల మా చెల్లెలి కోసం కొన్న ఆప్రికాట్లు మెత్తబడిపోయాయి. ఆ రోజు కోపం వచ్చింది. డిస్పాచర్ గారి 100 కిలోల లెక్క చదివాక ఆ పెట్టె ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసింది.

మాస్టారూ, మీ అబ్బాయిని వీలైనంత తొలి విమానానికి రమ్మనండి. ముఖ్యమైన వస్తువులు చేతి సంచిలో పెట్టుకోమనండి. ఒక రోజు చేతిలో ఉంచుకోకుండా ముహూర్తానికి టికెట్ తీయవద్దు.

వ్యాపారి, పెద్దపల్లి

మామునూరు విమానాశ్రయం వస్తే మన వాళ్ళకు ఈ తిప్పలన్నీ తప్పుతాయి కదా? నిజాం కాలంలోనే అక్కడ విమానాలు దిగేవి. మా బసంత్‌నగర్‌లోనూ ఒకప్పుడు వాయుదూత్ దిగేది. పోయిన ప్రాణం ఎప్పుడు లేస్తుందో.

నిర్వాహకులు

సభ్యులు దయచేసి లేహ్, పోర్ట్ బ్లెయిర్ దూరం విషయం దాటిపోవద్దని మనవి. మామునూరు గురించి వేరే చర్చ ఇప్పటికే నడుస్తోంది.

గణిత అధ్యాపకుడు, కరీంనగర్

నిర్వాహకులు అనుమతిస్తే ఒక్క లెక్క, అది దూరం లెక్కే. శంషాబాద్ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపల మరో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఒకటి ఉండేదని అందరికీ తెలుసు. రోడ్డు మీద చూస్తే మామునూరు ఆ గీత అవతలే ఉంది. కాని షరతు గీత నేరుగా గీసింది. మన సూత్రంలో రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు పెడితే సుమారు 145 కిలోమీటర్లు వస్తుంది. ఐదు కిలోమీటర్ల తేడాతో లోపల పడ్డాం! శంషాబాద్ వారు అభ్యంతరం లేదన్నాకనే 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం పచ్చజెండా ఊపింది. పండితుల వారి దారానికి ఎంత విలువ ఉందో చూడండి.

పండితుడు, హనుమకొండ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. దారి లేదన్న విషయం బాధపెట్టినా, ఎందుకు లేదో తెలిశాక మనసు కుదుటపడింది. ఇప్పుడు మిగిలింది ఒక్కటే. మా ఆవిడ కోరిక ప్రకారం అబ్బాయి ముందు హైదరాబాద్ వచ్చి, మమ్మల్ని కూడా వెంటబెట్టుకొని పోర్ట్ బ్లెయిర్ పోవడం దగ్గరా, లేక ఢిల్లీ, కోల్‌కతా మీదుగా తను ఒక్కడే పోవడం దగ్గరా?

గణిత అధ్యాపకుడు, కరీంనగర్

ఈసారి నిమిషాలను 60తో భాగించే చేశాను. లేహ్ నుంచి ఢిల్లీ 621, ఢిల్లీ నుంచి కోల్‌కతా 1,313, కోల్‌కతా నుంచి పోర్ట్ బ్లెయిర్ 1,306. మొత్తం 3,240 కిలోమీటర్లు. నేరుగా గీసిన గీత కంటే 303 మాత్రమే ఎక్కువ. ఇది నాకే ఆశ్చర్యం వేసింది. హైదరాబాద్ మీదుగా అయితే, లేహ్ నుంచి 1,881, అక్కడి నుంచి 1,660, మొత్తం 3,541. అయితే లేహ్ నుంచి హైదరాబాద్ రావడానికి కూడా మామూలుగా ఢిల్లీలోనే మారాలి కాబట్టి ఇంకొంచెం పెరుగుతుంది.

వెబ్‌సైటు గుణింతమే మూడు ముక్కలకు విడివిడిగా వేస్తే 1 గంట 17 నిమిషాలు, 2 గంటల 8 నిమిషాలు, మళ్ళీ 2 గంటల 8 నిమిషాలు. మొత్తం 5 గంటల 33 నిమిషాలు. దూరం పదో వంతే పెరిగినా సమయం మూడో వంతు పెరగడానికి కారణం, ఎక్కీ దిగే ఆ అరగంట మూడు సార్లు పడడమే. విమానాశ్రయాలలో కూర్చునే గంటలు వేరే.

మాజీ ఫ్లైట్ డిస్పాచర్, మంచిర్యాల

కోల్‌కతాలో రాత్రి ఉండేటట్టు టికెట్ తీయండి. ఒకే రోజులో 11 గంటల్లో చేర్చేది చూడడానికి బాగుంటుంది గాని, పొద్దున లేహ్‌లో గంట ఆలస్యమైతే మిగతా రెండూ తప్పిపోతాయి. పోర్ట్ బ్లెయిర్ నౌకాదళం వారి విమాన స్థావరం, పౌర విమానాలు అందులో అతిథులు. రాత్రి ఎంతసేపైనా విమానాలు దిగుతూ ఉంటాయన్న ధీమా అక్కడ పనికిరాదు. మూడు టికెట్లూ ఒకే బుకింగులో ఉండేలా చూడండి. విడివిడిగా తీస్తే మొదటి విమానం ఆలస్యానికి రెండోవారు బాధ్యత వహించరు.

పండితుడు, హనుమకొండ

అన్నప్రాసన జరిగిపోయింది. మీ సలహా ప్రకారమే అబ్బాయి రెండు రోజుల ముందు లేహ్‌లో తొలి విమానం ఎక్కి, రాత్రి కోల్‌కతాలో పడుకొని, ముహూర్తానికి ముందు రోజు ఉదయం చేరాడు. మేమిద్దరం హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్ళాం.

కరీంనగర్ అధ్యాపకుల వారి కోసం వాడిచేత సమయాలు రాయించాను. విమానం కదిలినప్పటి నుంచి ఆగే వరకు: లేహ్ నుంచి ఢిల్లీ 1 గంట 16 నిమిషాలు, ఢిల్లీ నుంచి కోల్‌కతా 2 గంటల 2 నిమిషాలు, కోల్‌కతా నుంచి పోర్ట్ బ్లెయిర్ 2 గంటల 11 నిమిషాలు. మొత్తం 5 గంటల 29 నిమిషాలు. చివరి ముక్కలో మబ్బుల వలన ఊరి మీద ఒక చుట్టు తిప్పారట. ఆ చుట్టు తిరుగుతున్నంతసేపూ వెనక్కి తీసుకుపోయే ఇంధనం ఉందిలే అని పక్క సీటు ఆయనకు ధైర్యం చెప్పాడట మా వాడు.

పరమాన్నం తొలి ముద్ద మేనమామే పెట్టాడు. మనవరాలు సగం మింగి, మిగతాది వాడి చొక్కా మీద ఊసింది.

గణిత అధ్యాపకుడు, కరీంనగర్

నా లెక్కకు, నిజానికి నాలుగు నిమిషాలే తేడా! ఢిల్లీ, కోల్‌కతా ముక్కలో ఆరు నిమిషాలు గాలి ఇచ్చింది, పోర్ట్ బ్లెయిర్ మీద కొట్టిన చుట్టులో మూడు నిమిషాలు పోయాయి. మిగిలిన ఒక నిమిషం లేహ్ పొద్దుటి చల్లగాలిది అయి ఉండాలి.

మాజీ ఫ్లైట్ డిస్పాచర్, మంచిర్యాల

చల్లగాలికి ఆ నిమిషంతో సంబంధం లేదండీ. అది ఢిల్లీలో పార్కింగ్ దగ్గర దొరకడం వల్ల వచ్చింది. చల్లగాలి ఇచ్చింది వేరే: ఆ అబ్బాయి సామాను వాడితో పాటే వచ్చింది.